మెట్టసీమ యింట సుగంధశాలి

ఏటికి 700 మిల్లీమీటర్లకు అటు నిటుగ మాత్రమే వర్షము పడెడి కర్నూలు, కడప మండలములలో ఎఱ్ఱనేలయు నల్లరేగడియు జొన్నకు, సజ్జకు, కొఱ్ఱకు, వేరుసెనగకు లొంగినంత సులభముగ వరికి లొంగవు. అందుచేత ఇచ్చటి మెట్టపల్లెలలో తరతరములుగ జొన్నరొట్టె, రాగిసంగటి, కొఱ్ఱన్నము నిత్యాహారములై యుండగా, తెల్లని వరియన్నము ఉగాదికో, పీర్ల పండుగకో, పెండ్లికో, క్రొత్త యల్లుడు గడపలో కాలుపెట్టిన నాటికో మాత్రమే పొయ్యి నెక్కుచుండెను. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వము కిలో రెండు రూపాయలకు బియ్యము నిచ్చుట మొదలిడిన పిమ్మట ఆ దూరము క్రమముగ తఱిగి, నేడు సంగటి తినుటయే ఒక వేడుకగను, అన్నము తినుట అనుదినవ్యవహారముగను మారినవి. అన్నము అనుదినమైన యింటిలో పండుగ అన్నము వేఱుగ నుండవలె గదా! ఆ స్థానమును ఆక్రమించుటకు వచ్చినదే పొడవైన గింజయు పరిమళమును గల బియ్యము. దానిని మనవారు కొనుట నేర్చిరి గాని, వండుట యింకను పూర్తిగ నేర్వలేదని నా యభిప్రాయము.

ఈ సీమకు వరి బొత్తిగ క్రొత్తదని యనుకొనరాదు. సుంకేసుల కడ తుంగభద్రకు అడ్డముగ ఆనకట్ట గట్టి, అచ్చటినుండి నంద్యాల మీదుగ కడప వఱకు 300 కిలోమీటర్లకు పైగ సాగిన కర్నూలు–కడప కాలువను మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ యను ఆంగ్లసంస్థ 1863లో త్రవ్వ నారంభించెను. పంటకు నీరును, పడవలకు మార్గమును ఒక్క కాలువయే యొసగవలెనని తలంచి లాకులు గూడ నిర్మించిరి గాని, జొన్నచేనికి అలవాటుపడిన రైతు నీటితీరువ చెల్లించి మడి కట్టుటకు చిరకాలము వెనుకాడెను. కంపెనీ నష్టముల పాలయ్యెను. 1882లో ప్రభుత్వమే ఆ కాలువను కొనవలసివచ్చెను. ఆ వెనుకాడిన రైతుల మనుమలు, మునిమనుమలు కాలక్రమమున ఆ కాలువక్రింద పండించిన సన్నబియ్యమే దేశమంతట కర్నూలుకు పేరు తెచ్చిన దనుట చరిత్రలోని చమత్కారము. 1986లో బాపట్ల పరిశోధనక్షేత్రము సాంబ మసూరి యను పేరుతో విడుదల చేసిన బి.పి.టి. 5204 అను వంగడము, సుమారు అయిదు నెలల పాటు చేనిలో నిలిచి పండెడి దయ్యును, ఈ నేలలో కుదురుకొని కర్నూలు సోనా యను నామాంతరమున హైదరాబాదు, బెంగుళూరు అంగళ్ల కెక్కెను. దానికి బాక్టీరియా ఎండాకు తెగులును తట్టుకొను శక్తిని చేర్చి, హైదరాబాదులోని వరి పరిశోధన సంస్థయు, జీవశాస్త్ర పరిశోధనకేంద్రమైన సి.సి.ఎం.బి.యు కలిసి 2008లో దాని మెఱుగుపఱచిన రూపమును వెలువరించినవి.

సోనా సన్ననిదే, రుచియైనదే. పప్పునకు, పులుసునకు, చారునకు, ఆవకాయకు అంతకు మించిన అన్నము లేదు. అయితే అది పరిమళించు బియ్యము కాదు. ఉడికినపుడు అడ్డముగ నుబ్బి, కలిపినంతనే కూరను తనలోనికి పీల్చుకొని, ముద్దకు ఒదిగెడి స్వభావము గలది. బాస్మతి జాతి గింజ అట్లు గాక నిలువుగ సాగును. ఢిల్లీలోని పూసా సంస్థ 2003లో విడుదల చేసిన పూసా బాస్మతి 1121 గింజ పచ్చిగ నున్నపుడు ఎనిమిది మిల్లీమీటర్లకు పైబడియుండి, వండిన పిమ్మట ఇరువది మిల్లీమీటర్లను దాటునని చెప్పిన, దాని నడత యెట్టిదో పాఠకులు ఊహింపగలరు. అట్టి గింజ ముద్దకు లొంగదు. కూరలో తడిసినను విడివిడిగనే నిలుచును. కావున ఈ రెంటిలో ఏది గొప్పదను వాదము నిరర్థకము. పప్పన్నమునకు బాస్మతిని, పలావునకు సోనాను వాడుటయే అసలు దోషము. రెండవది మన పల్లెల పెండ్లిండ్లలో పొదుపు కొఱకు జరుగుచుండుటచేత క్షంతవ్యము గాని, మొదటిదానికి ఏ సమర్థనయు లేదు.

పరిమళశాలి మన సంప్రదాయమునకు పరాయిది కాదు. చరకసంహిత శాలిధాన్యములను పేర్కొనుచు అందు సుగంధకమను భేదమును గూడ చెప్పినది. బాస్మతి యను పేరు పంజాబీ కవి వారిస్ షా 1766లో రచించిన హీర్ కావ్యమున కనబడునని చెప్పుదురు. డెహరాడూను లోయకు ఆ ధాన్యమును తెచ్చినది, ఆంగ్లేయుల బందీగ ముస్సోరీలో నివసించిన ఆఫ్ఘను ప్రభువు దోస్త్ మహమ్మదు అని ఐతిహ్యము. అతడు సింహాసనభ్రష్టుడైన 1839వ సంవత్సరముననే ఇచ్చట కర్నూలు నవాబు గులాం రసూల్ ఖానును ఆంగ్లేయులు పదవీచ్యుతుని గావించి తిరుచిరాపల్లికి పంపిరి. ఆ సంస్థానము అంతరించెను. పలావు మాత్రము మిగిలెను. కర్నూలు నవాబులును, అంతకుముందే 1779లో హైదరాలీ చేత జిక్కిన కడప మయానా నవాబులును పఠానులే యగుట వలన, వారి కొలువులతోను, సైన్యములతోను వచ్చి స్థిరపడిన గృహముల నుండి కుష్కా, బగారా అన్నము, దాల్చా, షేర్వా మొదలగునవి ఇరుగుపొరుగు వంటయిండ్లలోనికి పాకినవి. ఉగాదినాడు దేవుని కడప వేంకటేశ్వరుని దర్శింప ముస్లిములు బారులు తీరుటయు, పీర్లచావిడి ముందు రెడ్ల యిండ్ల వారు చక్కెర చదివించుటయు నెఱిగిన సీమలో, ఒక యింటి పలావు మఱియొక యింటి కెట్లు చేరెనని ప్రశ్నింప నక్కఱలేదు. ఈ సంక్రమణమున ఒక మార్పు మాత్రము జరిగినది: మన మిరపకాయ వచ్చి ఆ పలావులో ప్రవేశించినది. ఆ సంగతి ముందు చెప్పెదను.

బియ్యమునకు వాసన యెక్కడిదని అడుగువారికి శాస్త్రజ్ఞులు స్పష్టమైన సమాధానమే యిచ్చిరి. 1982 ప్రాంతమున అమెరికాలో బటరీ యను రసాయనవేత్తయు ఆయన సహచరులును, సుగంధపు బియ్యములోని ప్రధానద్రవ్యము 2-ఎసిటైల్-1-పైరోలిన్ అని నిర్ధారించిరి. వెయ్యికోట్ల పాళ్ల నీటిలో ఒక్క పాలు కలిసినను మానవనాసిక దానిని గుర్తింపగలదట! వేగుచున్న మొక్కజొన్న పేలాల కమ్మదనములో నున్నదియు ఈ ద్రవ్యమే. సామాన్యపు వరిలో ఒక జన్యువు పనిచేయుచు, ఈ ద్రవ్యమునకు మూలమైన పదార్థమును వేఱు మార్గమునకు మరల్చును. సుగంధజాతులలో ఆ జన్యువు చెడిపోయి యుండుట చేత, ఆ పదార్థము గింజలో నిలిచి పరిమళముగ పరిణమించును. అనగా, మనము వెలయిచ్చి కొను ఆ వాసన ప్రకృతి చేసిన యొక లోపమునకు ఫలము. అంతకంటె వంటవారికి ముఖ్యమైన విషయ మొకటి గలదు: ఈ ద్రవ్యము ఆవిరితో నెగిరిపోవు స్వభావము గలది. మూతలేని గిన్నెలో దీర్ఘకాలము ఉడికించినచో వీధి యంతయు ఘుమఘుమలాడును, విస్తరిలో మాత్రము వట్టి అన్నమే మిగులును.

ఇక అంగడి సంగతి. బాస్మతి పేరునకు 2016 ఫిబ్రవరిలో భౌగోళికసూచిక లభించినది. పంజాబు, హర్యానా, హిమాచలప్రదేశము, ఢిల్లీ, ఉత్తరాఖండము, పశ్చిమ ఉత్తరప్రదేశము, జమ్మూ ప్రాంతములోని కొన్ని జిల్లాలు దాని హద్దులు. కర్నూలు కాలువక్రింద అదే విత్తనము నాటినను, దానికి ఆ పేరు పెట్టి యమ్ముటకు చట్టము సమ్మతింపదు. 2023 ఆగస్టు 1వ తేది నుండి అమలులోనికి వచ్చిన ఆహారభద్రతాసంస్థ నియమముల ప్రకారము బాస్మతిలో సహజపరిమళము తప్ప కృత్రిమసుగంధము గాని, రంగు గాని, మెఱుగు పూత గాని ఉండరాదు. కావున సంచి విప్పగనే అత్తరు సీసా మూత తీసినట్లు ముక్కుపుటములు అదరగొట్టెడి బియ్యమును చూచి సంతోషింపక సంశయింపుడు. నిజమైన బియ్యము పచ్చిగ నున్నపుడు మెల్లగనే పలుకరించి, ఎసట పడిన పిమ్మట గొంతెత్తును. విడిగ నమ్ము అంగళ్లలో తిబార్, దుబార్, మోగ్రా యను పేర్లు వినబడును. ఇవి జాతిభేదములు గావు. విఱుగుట వలన ఏర్పడిన తరగతులు. తిబార్ గింజ నిండు గింజకంటె కొంత పొట్టి, దుబార్ ఇంకను పొట్టి, మోగ్రా యన్నది నూకలకు ఒక మెట్టు పైది. పలావునకు నిండుగింజ లేకున్నను తిబార్ చక్కగ సరిపోవును. మోగ్రాను పాయసమునకు వాడుడు. పరిమళమునకు కొఱత రాదు, వెల సగమునకు దిగును.

పాతబియ్యము మేలని మన యవ్వలు చెప్పిన మాట సోనాకెంతో దీనికి నంతే. ఏడాది రెండేండ్లు నిలువయున్న గింజలో తేమ తఱిగి, మాంసకృత్తులు బిగిసి, ఉడుకునపుడు పిండిపదార్థము బయటి కూరుట తగ్గును; గింజ విఱుగక, అంటుకొనక నిలువుగ సాగును. అయితే సంచిపై పాతదని వ్రాసియున్నంత మాత్రమున ఉప్పొంగరాదు. నిలువ పెరిగిన కొలది గింజకు బిగువు వచ్చును, పరిమళము మాత్రము తఱుగును. ఆ రెంటికి సంధి కుదిరెడి కాలము ఏడాది, ఏడాదిన్నర యని అనుభవజ్ఞుల మాట. ఇంట చేరిన పిమ్మట దానిని ఇంకను ముదురనిచ్చుట వలన లాభమేమియు లేదు. మే నెలలో నలువది డిగ్రీలు దాటి కాయు మన యెండలో మేడమీది గదిలో గోనెసంచిలో పడియున్న బియ్యమునకు వాసన నిలుచుట కల్ల.

వంటకు వత్తము. రెండు గ్లాసుల బియ్యము నలుగురికి చాలును. దానిని వెడల్పైన గిన్నెలో పోసి, నీరు నింపి, వ్రేళ్లతో మృదువుగ కదిపి వంపుచు, నీరు తేటపడు వఱకు మూడు నాలుగు మార్లు కడుగవలెను. సోనాను కడిగినట్లు అరచేతుల నడుమ నలిపినచో పొడవుగింజ కడుగుటలోనే రెండగును. పిమ్మట అరగంట నానబెట్టుట తప్పదు. కడిగిన వెంటనే ఎసట వేయుట మన యిండ్లలో అలవాటు. బాస్మతికి అది చెల్లదు. నానిన గింజకు నీరు నడుమ దాక చేరియుండును గనుక అది త్వరగ ఉడుకును. త్వరగ ఉడుకును గనుక పరిమళము పోదు. లోపల బయట సమముగ ఉడుకును గనుక విఱుగక సాగును. నానబెట్టిన నీటిని పూర్తిగ వంపి, జల్లెడలో పది నిమిషములు ఆరనిచ్చి, అప్పుడు కొలత చూడవలెను.

కొలత యనగనే గుర్తునకు వచ్చునది మన గృహిణుల చేతి అలవాటు. సోనా పాతదైనచో గ్లాసునకు రెండున్నర, ఒక్కొక్కమారు మూడు గ్లాసుల నీరు త్రాగును. ఆ చేయి బాస్మతిపై నాడినపుడు గిన్నెలో దొరకునది పలావు గాదు, చంటిబిడ్డల గుజ్జన్నము. నానిన బియ్యమునకు మూతబిగువైన గిన్నెలో గ్లాసునకు గ్లాసున్నర నీరు చాలును. అనగా రెండింటికి మూడు. ప్రెషరు కుక్కరు తప్పనివారు గ్లాసునకు గ్లాసుంబావు పోసి, ఒక్క కూత రాగనే దింపుకొనవచ్చును గాని, ఆవిరితో పాటు పరిమళము గూడ కూతపెట్టి పోవునని యెఱిగి మఱీ దింపుకొనుడు.

నేతిలో అంగుళము దాల్చినచెక్క, రెండు లవంగములు, రెండు యాలకులు, ఒక బిరియానీ ఆకు, చిటికెడు షాజీర వేసి, సన్నగ తఱిగిన యుల్లిపాయ ఒకటి బంగారువన్నె వచ్చు వఱకు వేయించి, ఆరిన బియ్యమును అందులో వేసి, గింజకు నేయి పట్టునంత మాత్రము రెండు నిమిషములు కదపవలెను. ఎసరును వేఱుగ మరుగబెట్టి పోయుట మేలు. ఉప్పు వేసి నీటిని రుచి చూచినపుడు అది కొంచె మధికముగ తోచవలెను. అన్నము ఉడికిన పిమ్మట సరిపడును. అరచెక్క నిమ్మరసము పిండుట మఱువరాదు. ఇది అలంకారము గాదు. మన బోరుబావుల నీరు కఠినజలము. క్షారము ఎక్కువైన నీటిలో వండిన యన్నమునకు లేతపసుపు చాయ వచ్చును. నిమ్మపులుపు దానిని విఱుచును, గింజను తెల్లగ నుంచును. పెద్దమంటపై నీరు బియ్యపు మట్టమునకు దిగి, పైన చిన్నచిన్న గుంతలు కానవచ్చునప్పుడు మంటను కనిష్ఠమునకు తగ్గించి, మూతపై బరువుంచి ఎనిమిది పది నిమిషములు ఉంచి, పొయ్యి ఆర్పి, మఱి పది నిమిషములు మూత తీయకుండుట అవసరము. ఈ చివరి పది నిమిషములను భరింపలేక మూతలెత్తి చూచెడివారు పురుషులలోనే యెక్కువ. ఆ కాలముననే గింజపై నున్న తడి లోనికి ఇంకి, మెత్తనిది బిగియును. వేడి దిగక మునుపే గరిటె పెట్టినచో పొడవంతయు ముక్కలగును. కలుపునపుడు గిన్నె యంచు వెంట పలుచని గరిటెను దింపి, అడుగునుండి పైకి లేపవలెనే గాని, సంగటి తెడ్డువలె త్రిప్పరాదు.

దమ్ము బిరియానీ చేయదలచినవారు గంజి వార్చు పద్ధతి నవలంబింతురు. బియ్యమునకు అయిదారింతల నీటిని ఉప్పుతో మరగించి, నానిన బియ్యము వేసి, అయిదారు నిమిషములలో గింజను గోటితో నొక్కి చూచినచో నడుమ తెల్లని చుక్క మిగిలియుండు స్థితిలో వార్చి, మాంసముపై పొరలుగ పఱచి, గోధుమపిండి ముద్దతో మూత అంచు నతికి, క్రింద సన్నసెగయు పైన నిప్పులు నుంచి మగ్గనిత్తురు. పెండ్లి డేక్సాల క్రింద తుమ్మకట్టెలు మండి నిప్పులుగ కూలిన వేళ, చేయి తిరిగిన వంటవాడు మూతపై చెవి యానించి లోపలి చప్పుడును బట్టి పాకము చెప్పుట నేటికిని కడప, ప్రొద్దుటూరు, నంద్యాలలలో చూడవచ్చును. ఇంటిలో అంత శ్రమ యవసరము లేదు. అట్లపెనము మీద గిన్నె నుంచి యిరువది నిమిషములు సన్నసెగ పెట్టిన చాలును. వార్చిన గంజిని పాఱబోయవలదు. పరిమళములో కొంత దానిలోనే యున్నది. ఉప్పు తక్కువగ నున్నచో మజ్జిగ కలిపి త్రాగుటకు అది యోగ్యము.

ఇప్పుడు మిరపకాయ సంగతి. రాయలసీమ నాలుకకు కారము తక్కువైన వంటకము వంటకమే గాదని నేను నెఱుగుదును. ఎఱ్ఱకారము పూసిన దోసెతో ప్రొద్దు ప్రారంభించువారికి ఉపదేశములు చెవి కెక్కవు. అయినను ఒక్క మాట. పరిమళమునకు ఘనమైన వెల చెల్లించి, దానిపై మసాలాపొడి పొట్లము, అల్లము వెల్లుల్లి ముద్ద నాలుగు చెంచాలు, పచ్చిమిరపకాయలు పదియు, గరము మసాలా మఱియొకమారు, ఆపై రంగునీరు, పన్నీరు గుమ్మరించువారు బాస్మతి కొననేల? ఆ గిన్నెలో ఏ బియ్యము వేసినను ఒక్కటే. కారమును అన్నములోనుండి తీసి ప్రక్క గిన్నెలో పెట్టుడు. ఈ సీమకు అట్టి ప్రక్క గిన్నెలు కొదువ గావు: వేరుసెనగలు, నువ్వులు నూరి వండిన నూనెవంకాయ యున్నది, సొరకాయముక్కలు, శనగపప్పు, చింతపులుసు కలసిన దాల్చా యున్నది, ఉల్లిపాయ తఱిగి వేసిన పెరుగుపచ్చడి యున్నది, అంతకు దాహము తీరనివారికి ఊరిమిండి యను కారపు పచ్చడి యున్నది. నాటుకోడి పులుసును మాత్రము ఈ పంక్తికి పిలువవలదని నా మనవి. అది సంగటికే పుట్టినది. సంగటి ముద్ద నడుమ గుంతలో నిలిచిన ఆ పులుసు, పొడవుగింజల నడుమ జాఱిపోయి విస్తరి నంటుకొనుట చూచుట కష్టము. మొదటి కబళమును కూర లేక, నేతిచుక్కతో మాత్రము తినుడు. బియ్యము తన వెలకు తగినదా కాదా యని అప్పుడే తేలును.

ఉత్తరదేశపు గింజయే కావలెనని పట్టు లేనివారికి మఱి కొన్ని దారులు గలవు. రాజేంద్రనగరులోని వరి పరిశోధన సంస్థ బాస్మతి 370 రక్తమును కలిపి 1989లో కస్తూరి యను దీర్ఘసుగంధజాతిని వెలువరించినది, వసుమతియు అచ్చటిదే. తెలుగునేలకు చిరపరిచితమైన చిట్టిముత్యాలు పొట్టిగింజయే యైనను, పలావునకు, చక్కెరపొంగలికి దాని వాసన యొక ప్రత్యేకత. చిత్తూరు సరిహద్దున ఆంబూరు, వాణియంబాడి వంటవారు జీరకసాంబ యను చిన్నగింజ బియ్యమునే నమ్ముకొని పేరు గాంచిరి. వారి బిరియానీకి పొడవు లేని లోటు ఎవ్వరికిని తోచలేదు. చిన్నగింజ మసాలారసమును అధికముగ పీల్చును గనుక, కారమును అన్నములోనే కోరు మన సీమవారికి నిజముగ తగినది అదియే కావచ్చును. ఈ మాట అన్నందులకు బాస్మతి వ్యాపారులు నన్ను క్షమింతురు గాక.

నా తీర్పు ఇది. నిత్యము తినుటకు కాలువక్రింది రైతు పండించిన సోనా కొనుడు; అది మన నాలుకకు, మన పులుసునకు, మన సంచికి తగినది. పొడవైన సుగంధపు బియ్యమును ఏడాదిలో నాలుగైదు పండుగలకే ఉంచుకొనుడు, అదియు ఇరువదియైదు కిలోల బస్తాగ గాక కిలో రెండు కిలోల చొప్పున కొని, గాలి చొరని డబ్బాలో చల్లని చోట ఉంచి, మూడు నాలుగు నెలలలో ముగింపుడు. వచ్చెడి పండుగకు వండునపుడు అరగంట నానబెట్టి, నీరు రెండింటికి మూడే పోసి, మసాలా సగమునకు తగ్గించి చూడుడు.